నలుపు తెలుపుల్లో అడవి: ఎం. కృష్ణన్ జీవితం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవాళ్ళు ఎలాగూ చాలామంది ఉంటారు, నేను వేరే సంగతి రాస్తానన్నాను. ఈ బడిలోనే చదువుకుని, ఇక్కడే జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నా దగ్గర చదివినవాళ్ళకు నా పాఠాలు మరిచిపోయినా నా మెడలో వేలాడిన కెమెరా గుర్తుండే ఉంటుంది. గుట్ట మీదికి, చెరువు కట్టకు మిమ్మల్ని తీసుకెళ్ళి పిట్టలను చూపించిన ఆదివారాలూ గుర్తుండవచ్చు. అప్పుడు నేను మీకు ఎక్కువగా చెప్పిన మాట దగ్గరికి వెళ్ళొద్దు, ఆగండి అని. ఆ మాట నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ఆ మాట వెనక ఉన్న మనిషిని నేను ఎన్నడూ కలవలేదు. ఆయన పేరు మాధవయ్య కృష్ణన్. ఎం. కృష్ణన్ అంటే తెలుస్తుంది. మద్రాసు మనిషి. 1912లో పుట్టి 1996లో పోయారు. మన దేశపు జంతువుల చిత్తరువులను కేవలం నలుపు తెలుపుల్లో, వెలుగునీడల ఆధారంతో తీసినవారిలో ఆయనకు సాటి వచ్చేవాళ్ళు చాలా తక్కువ. మనకు మరీ పరాయివాడు కూడా కాదు. మన పడమటి సరిహద్దు దాటి, బళ్ళారి దాటితే వచ్చే సండూరు కొండల్లో ఏడేళ్ళు గడిపారు. అందులో కొంతకాలం బడిపంతులుగా కూడా పనిచేశారు. కాబట్టి ఒక బడి సంచికలో ఆయన గురించి రాయడం తప్పు కాదనుకుంటాను.

బాల్యం, చదువు

కృష్ణన్ 1912 జూన్ 30న తిరునల్వేలిలో పుట్టారు. ఎనిమిదిమంది సంతానంలో ఆఖరివాడు. తండ్రి ఎ. మాధవయ్య తొలితరం తమిళ నవలాకారుల్లో పేరున్నవాడు, సంఘసంస్కరణ కోరినవాడు. ఉద్యోగం ఉప్పు, ఆబ్కారీ శాఖలో. ఇంగ్లీషులోనూ తమిళంలోనూ రాసేవారు. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయం సెనేట్ సమావేశంలో, డిగ్రీ చదువులో తమిళానికి చోటివ్వాలని మాట్లాడి, ఆ సభలోనే ప్రాణం వదిలారు. కృష్ణన్‌కు అప్పటికి పదమూడేళ్ళు. అటు తరవాత ఇంటి భారం అక్క లక్ష్మి మీద పడింది.

కుటుంబం మైలాపూరులో ఉండేది. ఇప్పటి మైలాపూరును చూసినవాళ్ళు నమ్మరు గానీ, ఆ రోజుల్లో అక్కడ పొదలు, ఖాళీ నేలలు ఉండేవి. పక్షులు, నక్కలు తిరిగేవి. కృష్ణజింకలు కూడా ఆ దరిదాపుల్లో కనిపించేవి. కృష్ణన్ చిన్నప్పుడు ఒక ముంగిసను పెంచుకున్నారు. అడవి అంటే ఎక్కడో కొండల్లో ఉంటుందని కాకుండా, పెరటి గోడ అవతల మొదలవుతుందని ఆయనకు పసితనంలోనే తెలిసింది. ఆ తరవాత 1961లో వేసిన పుస్తకానికి ఆయన పెట్టిన పేరులో అడవి, పెరడు రెండూ ఉన్నాయి: జంగిల్ అండ్ బ్యాక్‌యార్డ్.

హిందూ హైస్కూలులో చదివి, 1927లో ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. అక్కడ వృక్షశాస్త్రం చెప్పినవారు పి.ఎఫ్. ఫైసన్. నీలగిరి, పళని కొండల మొక్కల మీద గ్రంథం రాసిన పండితుడు. ఆయన విద్యార్థులను కొండలకు తీసుకెళ్ళేవారు. కృష్ణన్ నీలగిరికి, కొడైకెనాల్‌కు ఆయన వెంట నడిచారు. ఫైసన్ గారి భార్య దగ్గర నీటిరంగుల చిత్రలేఖనం నేర్చుకున్నారు. మార్కుల సంగతికొస్తే కృష్ణన్ గొప్ప విద్యార్థి కాదు. 1931లో డిగ్రీ చేతికొచ్చింది కానీ ఉద్యోగం రాలేదు. ఆ తరవాత న్యాయశాస్త్రం కూడా చదివారు. పత్రికలకు చిన్న చిన్న వ్యాసాలు, బొమ్మలు, వ్యంగ్య చిత్రాలు ఇచ్చారు. ముద్రణాలయంలో, రేడియోలో కొద్దికాలం చొప్పున పనిచేశారు. ఏ ఒక్క చోటా నిలవలేదు.

ఉపాధ్యాయులుగా ఉన్న మిత్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలని నా మనవి. ఒక ప్రొఫెసరు తరగతి గది బయటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య కుంచె పట్టుకోవడం నేర్పింది. ఆ ఇద్దరూ ఇచ్చిందానికి పరీక్షలో మార్కులు లేవు. కృష్ణన్‌కు జీవితాంతం అన్నం పెట్టింది మాత్రం అదే.

సండూరు

1942లో సండూరు మహారాజు ఉద్యోగం ఇస్తానంటే వెళ్ళారు. అప్పటికి అది బళ్ళారి పక్కన ఒక చిన్న సంస్థానం. చుట్టూ ఎర్రమట్టి కొండలు, లోయలు. ఆ కొండల్లోని ఖనిజం కోసం వచ్చిన పెద్ద తవ్వకాల గురించి మనలో చాలామందికి తెలుసు. కృష్ణన్ వెళ్ళేనాటికి అక్కడ అడవి ఇంకా అడవిలాగే ఉంది.

చిన్న సంస్థానం కదా, ఒకే మనిషి అన్ని పనులూ చేయాల్సి వచ్చేది. కృష్ణన్ అక్కడ బడిపంతులుగా పనిచేశారు. న్యాయాధికారిగా పనిచేశారు. ప్రచారశాఖ చూశారు. మహారాజుకు రాజకీయ కార్యదర్శిగా కూడా ఉన్నారు. ఇవి చాలవన్నట్టు గొర్రెలు కాశారు, టపా మోసే పావురాలను పెంచి చూశారు. మిగిలిన పొద్దంతా కొండల్లో తిరుగుడే. మద్రాసు ఉద్యోగాల్లో దొరకని తీరిక సండూరులో దొరికింది. జంతువు జాడ పట్టడం, గాలివాటం చూసుకోవడం, కదలకుండా కూర్చోవడం ఇలాంటి ఎండుకొండల్లో రోజూ తిరిగితే తప్ప అబ్బే విద్యలు కావు. ఇదే మన ప్రాంతపు పొదల అడవి, ఇవే మన జంతువులు. అందుకే ఆయన సండూరు రోజుల గురించి చదివినప్పుడు నాకు మన గుట్ట మీద తిరుగుతున్నట్టే ఉంటుంది.

1949లో సండూరు భారతదేశంలో విలీనమైంది. కొలువు పోయింది. కృష్ణన్ మద్రాసుకు తిరిగి వచ్చారు. ఇంకొకరి కింద ఉద్యోగానికి మళ్ళీ వెళ్ళలేదు. రాయడం, బొమ్మలు గీయడం, ఫొటోలు తీయడం, వీటితోనే బతకాలని నిర్ణయించుకున్నారు. పెళ్ళయి సంసారం ఉన్న మనిషి, ముప్పై ఏడేళ్ళ వయసులో తీసుకున్న నిర్ణయం అది. ఆ రోజుల్లో మన దేశంలో జంతువుల గురించి రాసి, ఫొటోలు తీసి బతికినవాడు మరొకడు ఉన్నాడో లేదో!

1950లో కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికలో కంట్రీ నోట్‌బుక్ అనే శీర్షిక మొదలుపెట్టారు. అది నలభై ఆరేళ్ళు నడిచింది. కాకి, ఉడుత, బల్లి దగ్గర్నుంచి ఏనుగు దాకా అన్నీ అందులోకి వచ్చాయి. వ్యాసంతోపాటు చాలాసార్లు తన చేత్తో గీసిన బొమ్మ ఉండేది. ఇలస్ట్రేటెడ్ వీక్లీలో వన్యప్రాణి ఫొటోగ్రాఫర్ డైరీ పేరుతో మరో వరస రాశారు. తమిళంలోనూ రాశారు. మద్రాసుకు దగ్గర్లోని వేడంతాంగల్ చెరువుకు వలస వచ్చే నీటిపక్షులను ఊరివాళ్ళు తరతరాలుగా ఎలా కాపాడుకుంటున్నారో వెళ్ళి చూసి రాశారు. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీళ్ళు పొలాలకు బలం అని ఆ రైతులకు ఏ పుస్తకమూ చెప్పకుండానే తెలుసు.

ఆయనకు ముందు

వన్యప్రాణి ఫొటోగ్రఫీ కృష్ణన్‌తో మొదలు కాలేదు. అమెరికాలో జార్జ్ షిరాస్ అనే ఆయన రాత్రిపూట పడవలో దీపం పెట్టుకుని, మెరుపు పొడి వెలిగించి జింకలను తీశాడు. 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫొటోలను డెబ్భైకి పైగా ఒకే సంచికలో వేసింది. మన దేశంలో ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి ఉత్తరాది అడవుల్లో దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగిలితే దాని ఫొటో అదే తీసుకునేలా అమర్చాడు. 1927లో ఆయన పుస్తకం వచ్చింది. 1934లో రెండో పుస్తకం వచ్చింది. దాని పేరులోనే అడవి ఎండా నీడా ఉన్నాయి. తుపాకీ బదులు కెమెరా పట్టుకోమని దొరల కాలంలోనే చెప్పిన మనిషి ఛాంపియన్. ఈ రోజు పులులను లెక్కపెట్టడానికి అడవుల్లో పెడుతున్న కెమెరాలకు ఆ తీగే తాత.

కృష్ణన్ దారి కొంచెం వేరు. ఆయన కూడా రాత్రులు ఫ్లాష్‌తో తీశారు. కానీ ఆయన పేరు నిలిపినవి ఎక్కువగా పగటి వెలుగులో, జంతువు తన చోట తన పనిలో ఉండగా, కంటితో చూస్తూ తీసినవి. తీగకు తగిలిన పులి ఆ క్షణం ఉలిక్కిపడుతుంది. కృష్ణన్ ఫొటోల్లో నేను చూసిన జంతువులు చాలావరకు ఉలిక్కిపడినట్టు ఉండవు. వాటి ముఖాల్లో ఆయన అక్కడున్న సంగతి తెలుస్తూనే ఉంటుంది. అయినా వాటికి అదేమీ పెద్ద విషయం కానట్టు ఉంటాయి.

కెమెరా, వెలుగు, నీడ

ఆయన కెమెరా ఏ దుకాణంలోనూ కొన్నది కాదు. ఒకదాని డబ్బా, మరొకదాని లెన్సు, ఇంకెక్కడివో విడిభాగాలు కలిపి తానే కూర్చుకున్నది. చూస్తే బరువైన గుదిబండ. దానికి సూపర్ పాండరోసా అని సరదాగా పేరు పెట్టుకున్నారు. దాన్ని మోస్తూ ముదుమలై, బందీపూర్, పెరియార్ అడవుల్లో తిరిగారు. ఏనుగులకు దగ్గరగా కాలినడకనే వెళ్ళారు. లేదంటే మావటితో కలిసి పెంపుడు ఏనుగు మీద వెళ్ళారు. ఏనుగు మీద వచ్చేవాణ్ణి అడవి జంతువులు అంతగా పట్టించుకోవు. కాకపోతే కింద ఏనుగు ఊపిరి తీసినా పైన కెమెరా కదులుతుంది. ఆనాటి ఫిల్ముకు వేగం తక్కువ. చెట్ల కింద వెలుతురు తక్కువ. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఏనుగు, మనిషి, జంతువు ముగ్గురూ ఒకేసారి నిశ్చలంగా ఉన్న ఆ అరక్షణం కోసం ఎదురుచూడాలి. ఇప్పటి కుర్రాళ్ళు సెకనుకు ఇరవై ఫొటోలు తీస్తున్నారు. వాళ్ళను తప్పు పట్టను. కానీ ఆ ఒక్క ఫొటో వెనక ఎంతసేపటి చూపు ఉందో తెలియాలి.

రంగుల ఫిల్ము వచ్చి అందరూ దాని వెంట పడ్డాక కూడా కృష్ణన్ నలుపు తెలుపు వదల్లేదు. దీని కారణం నాకు ఫొటోలు చూస్తుంటే అర్థమైంది. మన అడవి జంతువులను గుర్తు తెచ్చుకోండి. అడవిదున్నది నల్లటి ఒళ్ళు, మోకాళ్ళ కింద తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టు కాళ్ళు. ఒంటికి సరిపడా వెలుతురు పడనిస్తే కాళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబోతాయి. కాళ్ళు సరిగా రావాలంటే ఒళ్ళు బొగ్గుముద్ద అవుతుంది. కొండముచ్చు ముఖం నలుపు, చుట్టూ వెండి జుట్టు. అక్కడా అదే చిక్కు. చుక్కల దుప్పి చెట్టు నీడలో నిలబడితే, ఆకుల సందుల్లోంచి పడే ఎండచుక్కలేవో దాని ఒంటి చుక్కలేవో తెలియదు. తెలియకపోవడమే దానికి రక్ష. ఏనుగైతే మొత్తం ఒకే బూడిదరంగు. దాని చర్మం మీది ముడతలు, చెవి అంచు చిరుగులు, కణత మీది గుంట, వీటిని చూపించగలిగింది పక్కనుంచి పడే వెలుగు ఒక్కటే. రంగు తీసేస్తే మిగిలేది ఆకారం, చర్మం, నీడ. ఒక జంతువును ఇంకో జంతువు నుంచి వేరుగా గుర్తుపట్టించేవి అవే. ఒక ఏనుగుకూ ఇంకో ఏనుగుకూ మధ్య తేడా పట్టించేవీ అవే.

నీటిరంగులు, సిరా బొమ్మలు నేర్చిన చెయ్యి కదా ఆయనది. సిరాతో గీసేవాడికి ఎక్కడ గీత ఆపాలో తెలియాలి. కాగితంలో వదిలేసిన తెలుపు కూడా బొమ్మలో భాగమే. ఆయన ఫొటోల్లో నీడలో వదిలేసిన భాగాలను చూసినప్పుడల్లా నాకు ఆ సిరా చెయ్యి కనిపిస్తుంది. సగం ఒళ్ళు చీకట్లో ఉన్న ఏనుగును చూస్తే మిగతా సగం మనమే ఊహించుకుంటాం. అడవిలో కూడా మనకు జంతువు కనిపించేది అలా సగమే కదా.

నా తప్పు ఒకటి

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు.

1991 వేసవి. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి అయిదేళ్ళు. జీతంలో మిగిల్చిన డబ్బుతో ఒక పాత కెమెరా, చిన్న టెలీ లెన్సు కొన్నాను. చెరువు ఎండిపోయిన మేర గులకరాళ్ళ మధ్య తీతువు పిట్ట గూడు కనిపించింది. గూడు అంటే ఏముంది, నేల మీద చిన్న గుంట, చుట్టూ నాలుగు రాళ్ళు, మధ్యలో నాలుగు గుడ్లు. రాళ్ళకూ గుడ్లకూ తేడా తెలియదు. గూటికి ఒక పక్క ఎండిన ముళ్ళకంప ఉంది. దాని నీడ గుడ్ల మీద అడ్డంగా పడుతోంది. ఫొటో పాడవుతుందని నేను ఆ కంపను తీసి అవతల పడేశాను. ఎండ బాగా పడింది. తల్లి వస్తే తీద్దామని ఇరవై అడుగుల దూరంలో, ఏ మరుగూ లేకుండా గొడుగు వేసుకుని కూర్చున్నాను. పిట్టలు రెండూ నా నెత్తిమీద అరుస్తూ తిరిగాయి. గంట, రెండు గంటలు. మిట్టమధ్యాహ్నం అయింది. తల్లి రాలేదు. సరే, గుడ్లనైనా తీద్దామని నాలుగు ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చాను. ఫొటో చాలా బాగా వచ్చింది. ప్రతి గుడ్డు మీది మచ్చ స్పష్టంగా ఉంది. ఒక పోటీకి పంపితే బహుమతి కూడా వచ్చింది.

నాలుగు రోజుల తరవాత వెళ్ళి చూస్తే పిట్టలు ఆ చుట్టుపక్కల లేవు. గుడ్లు అలాగే ఉన్నాయి. ఒకటి కాకి పొడిచి ఉంది. మిగతావి పొదగలేదు.

తీతువు వేసవిలో గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం కోసం మాత్రమే కాదని నాకు తరవాత తెలిసింది. మండుటెండలో అది గుడ్లకు నీడ పడేలా నిలబడుతుంది. నీళ్ళకు వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మిట్టమధ్యాహ్నం గంటసేపు దాన్ని రానివ్వకపోతే గుడ్డులోని ప్రాణం ఉడికిపోతుంది. జీవశాస్త్రం చెప్పే మాస్టారికి ఈ సంగతి తెలియదు. నేను ఫొటోకు అడ్డమనుకున్న నీడ ఆ గుడ్లకు ఊపిరి. నాకు మెచ్చుకోలు తెచ్చిన వెలుగు వాటిని చంపింది. ఆ బహుమతి ఫొటోను స్టాఫ్ రూములో గోడకు పెట్టారు. అయిదేళ్ళు దాన్ని రోజూ చూస్తూ కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు.

1996 ఫిబ్రవరిలో పత్రికలో కృష్ణన్ మరణవార్త, దానితోపాటు ఆయన జీవితం గురించి రాసిన వ్యాసం చదివాను. దొరికినవన్నీ వెతికి చదవడం మొదలుపెట్టాను. ఆయన ఫొటోల్లో జంతువు చుట్టూ ఉన్న గడ్డి, కొమ్మ, నీడ ఉన్నవి ఉన్నట్టే ఉండటం అప్పుడు గమనించాను. కొమ్మ ముఖానికి అడ్డు పడిన చోట కొమ్మ అడ్డంగానే ఉంది. జంతువు ఏ నీడలో నిలబడితే ఆ నీడలోనే దాన్ని తీశారు. మరుసటి సోమవారం బడికి వెళ్ళి గోడ మీది నా ఫొటో తీసేశాను. ఎందుకని హెడ్మాస్టరు గారు అడిగితే ఫ్రేముకు చెదలు పట్టిందని చెప్పాను. ఆ అబద్ధం కూడా ఈ రోజుతో తీరిపోయింది.

లెక్కలు, పోరాటాలు

కృష్ణన్ ఫొటోలు అందం కోసం మాత్రమే తీసినవి కావు. 1968లో ఆయనకు జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్ వచ్చింది. దానితో దక్షిణాపథంలోని పెద్ద జంతువుల పరిస్థితి ఏమిటో అడవి అడవీ తిరిగి చూశారు. ఏ జంతువు ఎక్కడ మిగిలింది, ఏం తింటోంది, దాని చోటు ఎలా తగ్గిపోతోంది, అన్నీ రాసుకున్నారు. 1959 నుంచి 1970 దాకా తాను చూసినదంతా కూర్చి రాసిన ఆ సర్వేను బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1975లో పుస్తకంగా వేసింది. అందులో ఆయన ఫొటోలు సాక్ష్యాలు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైతే దాని సారథ్య సంఘంలో ఉన్నారు. భారత వన్యప్రాణి మండలిలోనూ చాలాకాలం సభ్యుడు. ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

సాక్ష్యం అన్న మాట ఊరికే వాడలేదు. కర్నూలు దగ్గరి రోళ్ళపాడులో బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. నా ఉద్యోగం తొలి రోజుల్లో వెళ్ళి ఆ పక్షిని కళ్ళారా చూశాను. దూరం నుంచి తీసిన మసక ఫొటో ఒకటి ఉంది. ఇప్పుడు అక్కడ ఆ పక్షి కనిపించడమే గగనం. నా మనవరాలికి చూపించడానికి ఆ మసక ఫొటో ఒక్కటే మిగిలింది. కృష్ణన్ తీసిన వందల ఫొటోలు మన పిల్లల పిల్లలకు అలా మిగిలినవే. ఆయన చిన్నప్పుడు మైలాపూరు దరిదాపుల్లో తిరిగిన కృష్ణజింకలు, ఇప్పుడు ఆ నగరంలో గిండీ వంటి కంచె వేసిన చోటికి కుదించుకుపోయాయి. ఒక మనిషి జీవితకాలంలో జరిగిన మార్పు ఇది.

ఆయన గట్టిగా పట్టుకున్న మరో విషయం స్వదేశీ మొక్క. రోడ్ల పక్కన, తోటల్లో, కొండల మీద విదేశీ చెట్లను ఇష్టం వచ్చినట్టు నాటడాన్ని జీవితమంతా వ్యతిరేకించారు. ఒక దేశానికి గుర్తింపు దాని గుళ్ళూ గోపురాలతోపాటు దాని సొంత చెట్లూ జంతువులూ అని ఆయన నమ్మకం. మన పిట్టకు మన చెట్టు కావాలి. దాని పురుగు, దాని పండు, దాని నీడ కావాలి. ఈ పట్టుదల వల్ల, ముక్కుసూటిగా మాట్లాడటం వల్ల ఆయనను కోపిష్టి అన్నవాళ్ళూ ఉన్నారు. ఆయన దాన్ని పెద్దగా లెక్కచేసినట్టు లేదు. మద్రాసులో ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డులోని చిన్న ఇంట్లో ఉంటూ, అడవికి వెళ్ళడం, వచ్చి రాసుకోవడం, ఇదే ఆయన బతుకు.

1996 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. స్టేట్స్‌మన్‌లో ఆయన శీర్షికలోని ఆఖరి వ్యాసం ఆ రోజే అచ్చయింది. నలభై ఆరేళ్ళు నడిపిన పనిని మధ్యలో వదలకుండా ముగించి వెళ్ళినట్టయింది. ఆయన పోయాక 2006లో మన హైదరాబాదులోని యూనివర్సిటీస్ ప్రెస్ వారు ఆయన ఫొటోలు, రచనలు కలిపి ఐ ఇన్ ద జంగిల్ అని పెద్ద పుస్తకం వేశారు. అడవిలో ఒక కన్ను అని అర్థం. నా ప్రతి అరిగిపోయింది. మొన్న దాన్ని మన బడి లైబ్రరీకి ఇచ్చేశాను. పిల్లలు ఎవరైనా అడిగితే తీసి ఇవ్వండి. బీరువాలో తాళం వేసి ఉంచొద్దు.

చివరగా ఒక మనవి

స్వర్ణోత్సవం గుర్తుగా బడి ఆవరణలో యాభై మొక్కలు నాటాలని సంఘం అనుకుంటోందని విన్నాను. మంచి పని. మా రోజుల్లో వనమహోత్సవం పేరుతో మేమంతా ఉత్సాహంగా నీలగిరి, తురాయి మొక్కలు నాటాం. నేనే గుంతలు తవ్వించాను. పువ్వులు బాగానే పూశాయి. కానీ గమనించి చూడండి, మన ఆవరణలో పిట్టలు గూళ్ళు కట్టేది వెనక గోడ పక్కనున్న ఆ పాత వేపలోనూ రావిలోనూ. ఈసారి వేప, కానుగ, రేల, మోదుగ, నేరేడు, జమ్మి నాటుదాం. నీళ్ళు పోసే బాధ్యత ఒక్కో బ్యాచ్ వాళ్ళు తీసుకుంటే అవి బతుకుతాయి.

అలాగే చెరువు వెనక గులకరాళ్ళ మేరను చదును చేసి ఆటస్థలంలో కలపాలన్న ఆలోచన ఉందట. తీతువులు ఇప్పటికీ అక్కడే గుడ్లు పెడుతున్నాయి. ఈ మార్చిలో కూడా చూసి వచ్చాను. రెండు గూళ్ళు ఉన్నాయి. ఒకదాని మీద చిన్న ముళ్ళకంప నీడ పడుతోంది. కెమెరా నా మెడలోనే ఉంది. దూరంగా గట్టు మీద కూర్చున్నాను. తల్లి పిట్ట నీళ్ళకు వెళ్ళి, తడిసిన పొట్టతో వచ్చి, గుడ్ల మీద నిలబడింది. ఎండ నడినెత్తికి వచ్చేముందే లేచి ఇంటికి వచ్చేశాను. ఆ మేరను అలాగే వదిలేయమని సంఘం పెద్దలకు, హెడ్మాస్టరు గారికి చేతులెత్తి అడుగుతున్నాను. ఆ పిట్టలకు నేను బాకీ ఉన్నాను.